బెంగ తెలుగులో, వైద్యం ఇంగ్లీషులో: బెంగళూరులో థెరపిస్టును వెతకడం ఎందుకు కష్టం?

క్లుప్తంగా: మానసిక వైద్యానికి దేశంలోనే పేరున్న నగరం బెంగళూరు. అయినా అక్కడ ఉంటున్న తెలుగువారు సరైన మనిషి దగ్గరకు చేరేసరికి నెలలు గడిచిపోతున్నాయి. ఇందుకు నిపుణుల కొరత ఒక కారణం మాత్రమే. బాధ చెప్పుకునే మాటలకూ వైద్యులు వాడే మాటలకూ మధ్య దూరం ఉంది. ఎవరి అర్హత ఏమిటో తెలియదు. ఖర్చుకు బీమా చాలావరకు వర్తించదు. ఈ మూడూ కలిసి దారిని పొడిగిస్తున్నాయి.

2025లో వచ్చిన రెండు నిర్ణయాలు ఈ విషయాన్ని తెలుగు ఇళ్లలో చర్చకు తెచ్చాయి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో జూలై 25న తీర్పు ఇస్తూ, మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ తగిన శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలని ఆదేశించింది. కొద్ది వారాలకే విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ మరో నిర్ణయం ప్రకటించింది. సైకాలజీ కోర్సులను 2025 జూలై-ఆగస్టు నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని చెప్పింది. మొదటి నిర్ణయంతో కౌన్సెలర్ల అవసరం పెరిగింది. రెండోదానితో కౌన్సెలర్ కావడానికి ఉన్న సులువైన దారి మూతపడింది. రెండూ సబబైనవే. కానీ కొన్నేళ్లపాటు అవసరం ముందు నడుస్తుంది, మనుషులు వెనక వస్తారు. ఆ ఖాళీలోకి ఎవరు చేరతారన్నదే ఇప్పుడు చూడాల్సింది.

'కౌన్సెలింగ్' అంటే ఎవరికి ఏం వినిపిస్తుంది

తెలుగిళ్లలో 'కౌన్సెలింగ్' అనే మాటకు ముందుగా స్ఫురించేది ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) సీటు. ర్యాంకు, వెబ్ ఆప్షన్లు, సర్టిఫికెట్ల పరిశీలన. రెండో అర్థం పోలీస్ స్టేషన్‌ది. గొడవపడ్డ భార్యాభర్తలను, తాగి బండి నడిపిన కుర్రాళ్లను కూర్చోబెట్టి 'కౌన్సెలింగ్ ఇచ్చారు' అని పేపర్లు రాస్తాయి. ఒక అర్థంలో కేటాయింపు, ఇంకో అర్థంలో మందలింపు. మనసు బాగోక వెళ్లి మాట్లాడటం అన్నది మూడో అర్థం. అది ఇంకా వాడుకలో స్థిరపడలేదు. 'కౌన్సెలింగ్‌కు వెళ్దాం' అని భార్య అంటే 'నేనేం తప్పు చేశాను?' అని భర్త అడగటం వెనక మొండితనం ఒక్కటే లేదు. ఆ మాటకు అతను విన్న అర్థం అదే.

ఆసుపత్రి పేర్లదీ ఇలాంటి కథే. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అనేది మానసిక వైద్యశాల ఉన్న ఒక పేట పేరు. కానీ 'ఎర్రగడ్డకు పంపాలి' అన్నది తిట్టు. బెంగళూరుకు వచ్చాక అదే తిట్టు అక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పేరు మీదకు మారుతుంది. ఆఫీసు క్యాంటీన్లో పదిసార్లు తిట్టుగా వాడిన పేరున్న గేటులోకి తానే నడవాల్సి వచ్చినప్పుడు అడుగు తడబడుతుంది. నిజానికి నిమ్హాన్స్ అంటే మానసిక ఆరోగ్యంతో పాటు నాడీశాస్త్రాల సంస్థ కూడా. పక్షవాతానికీ, మూర్ఛకూ, మెదడు ఆపరేషన్లకూ అక్కడికే వెళ్తారు. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలకు ఈ సంగతి బాగా తెలుసు. ఈ తిట్టు ఎక్కువగా వినిపించేది ఆ గేటు ఎన్నడూ చూడనివారి నోటనే.

ముందు గుండె, తర్వాత గ్యాస్, ఆఖరున మనసు

తెలుగులో మనసు బాధను చెప్పే మాటలు తక్కువేం కాదు. బెంగ, దిగులు, గుబులు, బెదురు, విరక్తి. 'ఉసూరుమంటోంది', 'మనసు మనసులో లేదు', 'ఏం తోచడం లేదు'. ప్రతిదానికీ వేరే అర్థచ్ఛాయ ఉంది. బెంగకు సాధారణంగా ఒక మనిషో, ఊరో కారణంగా ఉంటుంది. గుబులుకు కారణం ఉండనక్కర్లేదు. అయితే డాక్టరు ముందు కూర్చున్నాక ఈ మాటలేవీ బయటకు రావు. అక్కడ ఒళ్లు మాట్లాడుతుంది. 'గుండె దడ', 'తల పట్టేసినట్టుంది', 'కడుపులో మంట', 'నరాలు లాగుతున్నాయి', 'నిద్ర లేదు'.

ఇది నటన కాదు, అపోహ కూడా కాదు. ఆందోళన ముదిరినప్పుడు శరీరం ప్రమాదం ముంచుకొచ్చినట్టే స్పందిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పొట్టిదవుతుంది, చేతులు చెమటలు పడతాయి. దీన్నే ప్యానిక్ ఎటాక్ అంటారు. అనుభవిస్తున్న మనిషికి అది గుండెపోటులాగే ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో, క్యాబ్‌లో ఇది వచ్చిన యువకుడు మొదట వెళ్లేది క్యాజువాలిటీకి. ఈసీజీ మామూలుగానే వస్తుంది. 'ఏమీ లేదు, గ్యాస్ కావచ్చు' అంటారు. అక్కడి నుంచి కడుపు డాక్టరు, తర్వాత 'నరాల డాక్టరు'. ఆ డాక్టరు దగ్గరా అన్నీ మామూలే. 'ఏమీ లేదు' అన్న మాట డాక్టరుకు శుభవార్త. రోగికి మాత్రం 'నీ బాధ అబద్ధం' అన్నట్టు వినిపిస్తుంది. ఆలస్యంలో పెద్ద భాగం ఇక్కడే జరుగుతుంది.

అలాగని పరీక్షలు మానేయమని కాదు. థైరాయిడ్ తేడాలు, రక్తహీనత, విటమిన్ బి12 లోపం కూడా నీరసంగా, దిగులుగా, దడగా కనబడతాయి. కాబట్టి మొదట జనరల్ ఫిజీషియన్ దగ్గర ఈ పరీక్షలు చేయించుకోవడం సరైన పనే. అవి మామూలుగా వచ్చాక ఇంకో స్పెషలిస్టును వెతుక్కుంటూ పోవడం దగ్గరే దారి తప్పుతోంది.

ఎంత బాధ ఉంటే వెళ్లాలన్న ప్రశ్నకు వైద్యంలో వాడే కొలత సులువైనదే. రెండు వారాలు. దాదాపు రోజంతా దిగులు, ఇదివరకు ఇష్టపడ్డవి రుచించకపోవడం, నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం రెండు వారాలకు మించి కొనసాగి, పనికీ సంబంధాలకూ అడ్డు వస్తుంటే నిపుణుల్ని కలవాలి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఈ రెండు వారాల గురించే అడుగుతుంది. అందులో మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే విషయాన్ని పట్టించుకోవాలని అర్థం. అది జ్వరం చూసే థర్మామీటర్ లాంటిది, జబ్బు పేరు చెప్పదు. తండ్రి పోయిన నెలలో కొడుకు ఏడవడం జబ్బు కాదు. కానీ ఏడాది దాటినా ఆఫీసుకు వెళ్లలేకపోతుంటే అది వేరే సంగతి.

బోర్డు మీది పేర్లు, వాటి వెనక చదువులు

కోరమంగళలోనో ఇందిరానగర్‌లోనో ఒకే వీధిలో రకరకాల బోర్డులు కనిపిస్తాయి. వాటి మధ్య తేడా తెలియకపోవడం వల్లే డబ్బూ కాలమూ ఎక్కువగా పోతున్నాయి.

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లాంటి పీజీ చేసిన డాక్టరు. ఈ పేర్లన్నిటిలో మందులు రాయగలిగేది ఆ డాక్టరే. క్లినికల్ సైకాలజిస్టు డాక్టరు కాదు, మందులు రాయరు. పరీక్షలతో అంచనా వేస్తారు, థెరపీ (మాటలతో సాగే చికిత్స) చేస్తారు. వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు తప్పనిసరి. 1992 నాటి చట్టం కింద నడిచే ఈ కౌన్సిల్ ఇచ్చే నంబరును సీఆర్‌ఆర్ నంబరు అంటారు. అది అడిగితే చెప్పడానికి ఏ క్లినికల్ సైకాలజిస్టూ నొచ్చుకోనక్కర్లేదు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు రోగితో పాటు ఇంటినీ, పనినీ, ఆదాయాన్నీ కలిపి చూస్తారు. పెద్ద ఆసుపత్రుల్లో కుటుంబంతో మాట్లాడేది ఎక్కువగా వీరే.

చిక్కు వచ్చేది కౌన్సెలర్, లైఫ్ కోచ్ లాంటి మిగతా పేర్ల దగ్గర. సైకాలజీలో ఎంఏ, ఎమ్మెస్సీ చేసి కౌన్సెలింగ్‌లో శిక్షణ పొందినవారిలో చాలా మంచివారున్నారు. మామూలు ఒత్తిడికీ, సంబంధాల సమస్యలకూ, తేలికపాటి ఆందోళనకూ వారు సరిపోతారు. వీరిని ఒక రిజిస్టరు కిందకు తేవడానికి 2021లో నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది. యూజీసీ దూరవిద్యను ఆపింది కూడా ఆ చట్టం నీడలోనే. ఇక 'లైఫ్ కోచ్', 'హీలర్' లాంటి పేర్లు ఎవరైనా పెట్టుకోవచ్చు, వారాంతం వర్క్‌షాపు చేసి మర్నాడే. 'థెరపిస్టు' అన్న మాట కూడా ఒంటరిగా ఏ చదువుకూ హామీ కాదు.

ఎవరి దగ్గర మొదలుపెట్టాలన్నది బాధ తీవ్రత చెబుతుంది. లేని గొంతులు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారన్న గట్టి నమ్మకం, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన ఉత్సాహం, చనిపోవాలన్న ఆలోచన ఉంటే నేరుగా సైకియాట్రిస్టు. పదే పదే చేతులు కడగడం, తాళం చూసుకోవడం లాంటి ఓసీడీకి క్లినికల్ సైకాలజిస్టు చేసే ప్రత్యేక థెరపీ ఉంది. దాంతో పాటు మందులూ అవసరం కావచ్చు. మధ్యస్థంగా ఉన్న దిగులుకు థెరపీతో మొదలుపెట్టినా, మందుతో మొదలుపెట్టినా సమంజసమే.

మందుల మీద ఉన్న భయాన్ని కూడా విడదీసి చూడాలి. 'ఒకసారి మొదలుపెడితే జీవితాంతం' అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. దిగులుకు వాడే ఎసిటలోప్రామ్, సెర్ట్రలీన్ లాంటివి పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. అందుకే పది రోజులకు 'పని చేయలేదు' అని ఆపేసేవారు ఎక్కువ. బాగయ్యాక కూడా కొన్ని నెలలు కొనసాగించి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తారు. అలవాటు పడే ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఆల్ప్రజోలామ్ లాంటి మాత్రలకు. నిద్ర కోసం పాత చీటీతో మెడికల్ షాపులో కొని మింగేది మాత్రం వాటినే.

నిమ్హాన్స్ ఉండగా కొరత ఎందుకు

1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థగా ఏర్పడి, 1974లో నిమ్హాన్స్‌గా మారి, 2012 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయిన ఈ ఆసుపత్రి హోసూరు రోడ్డు మీద ఉంది. ఫీజు నామమాత్రం. కన్నడ, తమిళం, తెలుగు, హిందీ అన్నీ ఓపీలో వినిపిస్తాయి. ఇంతటిది ఊళ్లోనే ఉండగా మళ్లీ ఎవరిని వెతకాలన్న సందేహం సహజం.

సంస్థ దేశం మొత్తానిది కావడమే అసలు ఇబ్బంది. 2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. చికిత్స అందనివారు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం. (ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మూడూ లేవు. కాబట్టి ఆ అంకెల్ని మన ఊళ్లకు అన్వయించేటప్పుడు కాస్త ఆలోచించాలి.) దేశంలో సైకియాట్రిస్టులు లక్ష జనాభాకు 0.75 మంది. అంటే సుమారు లక్షా ముప్పై మూడు వేల జనాభాకు ఒక్కరు, అది కూడా సమానంగా పంచితే. అలా పంచడం జరగదు కాబట్టి రాత్రి బస్సులో వచ్చినవారు తెల్లవారేసరికి వరుసలో ఉంటారు. మొదటిసారి వెళ్లినవారికి రోజంతా పట్టవచ్చు. ఆ రద్దీలో డాక్టరు చూస్తారు, మందు రాస్తారు. ప్రతి వారం 45 నిమిషాలు కూర్చుని మాట్లాడే థెరపీ అందరికీ ఇవ్వడం ఏ ప్రభుత్వ ఆసుపత్రికీ సాధ్యమయ్యే లెక్క కాదు.

దీనికి విరుగుడుగా ఒక ప్రయోగం మన సరిహద్దులోనే జరిగింది. 1980లలో నిమ్హాన్స్ బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, సామాన్యమైన మానసిక వైద్యాన్ని ఊళ్లోనే అందించి చూపింది. తెలుగు, కన్నడ కలగలిసి మాట్లాడే ఆ జిల్లా అనుభవమే 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా. సొంత జిల్లా ఆసుపత్రిలో ఇప్పుడు మానసిక వైద్య విభాగం ఉందన్న సంగతి తెలియక బెంగళూరు బస్సెక్కేవారు ఇప్పటికీ ఉన్నారు. నగరంలో ఉన్నవారికి నిమ్హాన్స్‌తో పాటు విక్టోరియా, సెయింట్ జాన్స్ లాంటి వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ నడిపే సెంటర్ ఫర్ వెల్ బీయింగ్‌కు ఆసుపత్రి వాతావరణం ఇష్టంలేనివారు వెళ్లవచ్చు.

తెలుగు వచ్చినవారే కావాలా

రెండో భాషలో మాట్లాడేటప్పుడు ఉద్వేగం కొంత దూరంగా జరుగుతుందని ద్విభాషుల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. చిన్నప్పుడు దెబ్బలు తిన్న భాష, జోల విన్న భాష తెలుగైతే ఆ రోజులను ఇంగ్లీషులో చెప్పినప్పుడు వాక్యం శుభ్రంగా వస్తుంది, కన్నీరు రాదు. మాటల అర్థమూ జారుతుంది. 'చచ్చిపోతున్నాను ఈ పనితో' అన్నది తెలుగులో రోజువారీ విసుగు. 'ఇంక నాకేముంది' అన్నది మెల్లగా అన్నా ప్రమాదఘంటిక. ఈ రెండింటి బరువు తెలుగు చెవికి ఇట్టే తెలుస్తుంది. అత్తగారు పేరు పెట్టి పిలవడం మానేసి 'ఆ అమ్మాయి' అనడంలో ఏం జరిగిందో వేరే భాషవారికి వివరించడానికే సగం సెషన్ పోతుంది.

అయితే దీనికి రెండో పక్క కూడా ఉంది. ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే రెండో ప్రశ్న 'మీదే ఊరు?' మూడోది 'ఇంటిపేరు?' ఆ రెండు జవాబులతో కులమూ, చుట్టరికమూ, ఉమ్మడి పరిచయాలూ బయటపడతాయి. మాట ఇంటికి చేరుతుందేమోనన్న భయంతో కొందరు కావాలనే తెలుగు రానివారి దగ్గరకు వెళ్తారు. కులాంతర ప్రేమ, విడాకుల ఆలోచన, లైంగికత గురించి ఇంగ్లీషులో చెప్పడమే సులువు అనేవారూ ఉన్నారు. తెలుగులో వాటికి మర్యాదైన మాట దొరకక నోరు ఆగిపోతుంది. అందుకని భాషను ఒక నియమంగా పెట్టుకోనక్కర్లేదు. ఏ సంగతి చెప్పుకోవాలో, ఆ సంగతి ఏ భాషలో నోటికి వస్తుందో అదే కొలత. తెలుగు, ఇంగ్లీషు రెండూ తెలిసిన థెరపిస్టు దొరికితే సెషన్ మధ్యలో భాష మారుతూనే ఉంటుంది, ఆ మార్పు కూడా థెరపిస్టుకు ఒక సంకేతమే.

రహస్యం విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ రోగి వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. పెద్దలు ఫీజు కట్టినంత మాత్రాన వయసొచ్చిన కూతురు గదిలో ఏం చెప్పిందో తెలుసుకునే హక్కు వారికి రాదు. మొదటి సెషన్లోనే ఈ సంగతి మాట్లాడుకోవడం మంచిది.

ఆన్‌లైన్ వచ్చాక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న తెలుగు థెరపిస్టు బెంగళూరువాసికి అందుబాటులోకి వచ్చారు. ఇది పెద్ద మార్పు. కొత్త చిక్కు ఏమిటంటే, మారతహళ్లిలో ముగ్గురు పంచుకునే పేయింగ్ గెస్ట్ గదిలో ఏకాంతం దొరకదు. మేడ మీద, పార్కు చేసిన కారులో కూర్చుని సెషన్లు చేసుకుంటున్నారు. పక్కన వినేవారికి తెలుగు వస్తే భాష ఇచ్చిన వెసులుబాటు కాస్తా పోతుంది.

డబ్బు, బీమా, ఆఫీసు

నగరంలో ప్రైవేటు సెషన్‌కు సుమారుగా వెయ్యి నుంచి మూడు వేలు. 1500 చొప్పున వారానికి ఒకసారి అంటే నెలకు 6000. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకునే పద్ధతి) లాంటివి తరచుగా 12 నుంచి 20 సెషన్లు నడుస్తాయి. 12 సెషన్లకు 18,000.

బీమా ఇక్కడ ఎందుకు పనికిరాదన్నది చాలామందిని తికమక పెడుతోంది. 2017 చట్టంలోని 21వ సెక్షన్ శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఉండాలంటుంది. 2018 ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు ఆదేశాలిచ్చింది. కానీ మామూలు పాలసీ ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తుంది. చేరకుండా డాక్టరుకు చూపించుకున్న ఖర్చు జ్వరానికీ రాదు, దిగులుకూ రాదు. చట్టం సమానత్వం ఇచ్చింది. అయితే థెరపీ దాదాపు పూర్తిగా ఓపీలోనే జరుగుతుంది కాబట్టి ఆ సమానత్వం చేతికి అందడం లేదు. ఓపీ ఖర్చులు చెల్లించే పాలసీ ఉంటే అందులో మానసిక వైద్యం ఉందో లేదో రాతపూర్వకంగా అడగాలి.

పెద్ద ఐటీ కంపెనీల్లో ఉద్యోగుల సహాయ కార్యక్రమం ఉంటుంది. కొన్ని సెషన్లు ఉచితం. మాట్లాడింది హెచ్‌ఆర్‌కు తెలుస్తుందన్న భయంతో దాన్ని వాడనివారు ఎక్కువ. సాధారణంగా కంపెనీకి వెళ్లేది ఎంతమంది వాడారన్న మొత్తం లెక్కే. సెషన్లు అయిపోయాక ఎక్కడికి పంపుతారన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. నాలుగో వారం మనసు విప్పి, ఐదో వారం ఎవరూ లేకపోవడం మంచిది కాదు.

మొదటి ఫోన్లోనే చదువు, నమోదు, ఫీజు, భాష, రద్దు చేసుకుంటే డబ్బు సంగతి అడగవచ్చు. మూడు నాలుగు సెషన్ల తర్వాత కూడా ఈ మనిషికి తన మాట అర్థం కావడం లేదనిపిస్తే మార్చుకోవడం తప్పు కాదు. ఏ పద్ధతి థెరపీ అయినా, ఆ ఇద్దరి మధ్య కుదిరిన నమ్మకం ఫలితం మీద ప్రభావం చూపుతుందని తేలింది. 'ఇన్ని సెషన్లలో గ్యారంటీ' అనేవారు, డాక్టరు రాసిన మందులు ఆపేయమనే కౌన్సెలర్లు, ఇతర క్లయింట్ల కథలు చెప్పేవారు, భర్తతో సర్దుకుపొమ్మని తీర్పులిచ్చేవారు కనిపిస్తే బయటకు రావడమే మేలు.

ఎవరి లెక్కలోనూ లేనివారు

ఈ చర్చంతా ఉద్యోగుల చుట్టూ తిరుగుతుంది. వైట్‌ఫీల్డ్ అపార్టుమెంట్లలో మనవల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ ఇందులో ఎక్కడా కనబడరు. ఊళ్లో అరుగు మీద కూర్చుంటే పదిమంది పలకరించిన మనిషి ఇక్కడ పద్నాలుగో అంతస్తులో కన్నడం రాక, లిఫ్టు దిగబుద్ధి కాక ఉంటారు. 'పిల్లల దగ్గర సుఖంగా ఉన్నాం' అని ఫోన్లో చెప్పాలి కాబట్టి దిగులన్న మాట నోట రాదు. మోకాళ్ల నొప్పులు, నిద్రలేమి, మతిమరుపు వస్తాయి. పెద్దవారిలో డిప్రెషన్ మతిమరుపులా కనబడటం వైద్యానికి తెలిసిన విషయమే. ఇంట్లో వారు దాన్ని వయసు మీద వేస్తారు. వీరికి యాప్ పనికిరాదు, ఇంగ్లీషు థెరపీ అంతకంటే పనికిరాదు.

రెండోవారు బాలింతలు. పురుడు పుట్టింట్లో పోసుకుని, మూడో నెలో ఐదో నెలో బిడ్డతో బెంగళూరుకు తిరిగి వచ్చేసరికి చుట్టూ ఉన్న అమ్మ, పిన్ని, నీళ్లు పోసే మనిషి అందరూ ఒక్కసారిగా ఉండరు. కాన్పు తర్వాత వచ్చే దిగులు మొదటి వారాల్లోనే కాక, ఏడాదిలోపు ఎప్పుడైనా కనబడవచ్చు. 'బిడ్డ మీద ప్రేమ కలగడం లేదు' అన్న మాట తల్లి నోట రావడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. తల్లినీ బిడ్డనీ విడదీయకుండా చేర్చుకునే ప్రత్యేక వార్డు నిమ్హాన్స్‌లో 2009 నుంచి ఉంది.

ఈ ఇద్దరికీ అన్నిటికంటే దగ్గరి దారి ఫోను. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం. తెలుగుతో సహా 20 భాషల్లో ఉంది, బెంగళూరు నుంచి చేసినా తెలుగు ఎంచుకోవచ్చు. మొదట కౌన్సెలరు మాట్లాడతారు, అవసరమైతే పైస్థాయి నిపుణులకు అందిస్తారు. ఇది వారం వారం నడిచే థెరపీకి బదులు కాదు. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడానికి మొదటి మెట్టుగా సరిపోతుంది.

ఆగకూడని వేళ

చనిపోవాలన్న ఆలోచన ఉందేమోనని అనుమానం వస్తే నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. 'చావాలనిపిస్తోందా?' అని తెలుగులో సూటిగా అడిగితే చాలామందికి ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందన్న భయం ఇప్పటికీ కుటుంబాలను ఆపుతోంది. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. వైద్యమూ పునరావాసమూ అందించాల్సిన బాధ్యతను చట్టం ప్రభుత్వం మీద పెట్టింది. నిమ్హాన్స్ అత్యవసర విభాగానికి అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, అర్ధరాత్రి కూడా చూస్తారు. అంత దూరం వెళ్లే పరిస్థితి లేకపోతే 108కి ఫోన్ చేయాలి, లేదా దగ్గర్లోని ఏ ఆసుపత్రి క్యాజువాలిటీకైనా వెళ్లాలి.